చూస్తే వచ్చేస్తుందా, వింటే నిలుస్తుందా?

బల్ల మీద పళ్లాలు, గ్లాసులు అమర్చి ఉంటాయి. కింద పరిచిన గుడ్డను ఒక్క ఊపున లాగేస్తే గుడ్డ చేతిలోకి వచ్చేస్తుంది, సామాను మాత్రం కదలదు. ఈ చిట్కాను చూపించే కొన్ని సెకన్ల వీడియోను మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే పరిశోధకులు కొందరికి ఒక్కసారే చూపించారు, మరికొందరికి 20 సార్లు చూపించారు. ఇప్పుడు మీరు చేయగలరా అని అడిగితే 20 సార్లు చూసినవాళ్లలో ధీమా బాగా ఎక్కువగా కనిపించింది. డార్ట్స్ ఆట విషయంలో అడిగి ఊరుకోకుండా నిజంగానే విసిరించి చూశారు. ఎక్కువసార్లు చూసినవాళ్లు ఎక్కువ పాయింట్లు వస్తాయనుకున్నారు గానీ, ఒక్కసారి చూసినవాళ్లకంటే వాళ్ల గురి ఏమీ మెరుగ్గా లేదు. 2018లో వెలువడిన ఈ పరిశోధనలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క చివర్లో ఉంది. గాల్లో ఎగరేసి పట్టుకునే, సీసా ఆకారంలో ఉండే పెద్ద పిన్నుల వీడియో చూపించాక, కొందరి చేతికి ఆ పిన్నులిచ్చి కాసేపు ఊరికే పట్టుకోమన్నారు. ఎగరేయనివ్వలేదు. బరువు, ఆకారం చేతికి తెలిసేసరికే ధీమా దిగిపోయింది.

ఆన్‌లైన్ వీడియోలు, పాడ్‌కాస్ట్‌లు, ఆడియో పుస్తకాలతో ఏదైనా నేర్చుకుందామని మొదలుపెట్టేవారికి ఎదురయ్యే చిక్కు దాదాపు అంతా ఈ ప్రయోగంలోనే ఉంది. మంచి సరుకు దొరకడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. చెప్పేవారి నేర్పు చూస్తున్నంతసేపూ మన నేర్పులాగే అనిపిస్తుంది, అసలు సమస్య అది. పాఠం ఎంత హాయిగా సాగితే ఆ భ్రమ అంత గట్టిపడుతుంది.

ఈ మాధ్యమాల గురించి మాట్లాడగానే కన్ను గొప్పదా చెవి గొప్పదా అన్న వాదన మొదలవుతుంది. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, వేగం ఎవరి చేతిలో ఉందన్నది. పుస్తకం చదివేటప్పుడు కళ్లు ఏకబిగిన ముందుకు సాగిపోవు. కంటి కదలికలను కొలిచినవారు తేల్చిన ప్రకారం అలవాటున్న పాఠకుల్లో కూడా నూటికి 10 నుంచి 15 కదలికలు వెనక్కే వెళ్తాయి, చాలావరకు వాళ్లకు తెలియకుండానే. కష్టమైన చోట చదువు తానంతట తానే నెమ్మదిస్తుంది, తెలిసిన చోట పరుగెత్తుతుంది. మాటకు ఆ వెసులుబాటు లేదు. పలికిన వెంటనే మాయమవుతుంది, దాని వెనకే ఇంకో మాట వచ్చి పడుతుంది. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగింది బహు కొద్ది. జాన్ స్వెల్లర్ 1988లో ముందుకు తెచ్చిన జ్ఞానభార సిద్ధాంతం ఈ ఇరుకు చుట్టూనే తిరుగుతుంది.

పాజ్ బటన్ ఉంది కదా అనవచ్చు. ఉంది. 15 సెకన్లు వెనక్కి జరిపే బటన్ కూడా ఉంది. కానీ కన్ను వెనక్కి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బటన్ నొక్కాలంటే మాత్రం ఇది అర్థం కాలేదని ముందు మనం గుర్తించాలి. గుర్తించే లోపు చెప్పేవారు ఇంకో వాక్యంలోకి వెళ్లిపోతారు, మనమూ తలూపుతూ వెంట వెళ్తాం.

వీడియోకు తిరుగులేని చోటు ఒకటుంది. కదలిక, వరస, చేతివాటం ఉన్న పనులన్నీ దానివే. అయితే అక్కడ కూడా కెమెరా ఎక్కడ నిలబెట్టారన్నది పాఠం విలువను తేలుస్తుంది. పడవల్లో, కొండలెక్కేవారి దగ్గర వాడే బౌలైన్ ముడినే తీసుకుందాం. పొడుగ్గా ఉన్న తాడు మీద చిన్న చుట్టు వేసి, కొసను ఆ చుట్టులోంచి కిందనుంచి పైకి తీసి, పొడుగు తాడు వెనకనుంచి తిప్పి, మళ్లీ అదే చుట్టులోకి దించి బిగించాలి. చెప్పడానికి ఇంతే. చూపించేవారు మనకెదురుగా నిలబడితే వాళ్ల కుడిచెయ్యి తెరమీద ఎడమవైపు కనిపిస్తుంది. అద్దంలో చూసినట్టు మొత్తం అటుదిటు చేసినా ముడి పడుతుంది. చాలామంది సగం అద్దంలోలా, సగం మామూలుగా చేస్తారు. చుట్టులో ఏ పాయ పైన, ఏ పాయ కింద అన్నది ఒక్కచోట తారుమారైతే లాగగానే ముడి విడిపోతుంది. ఆ కీలకమైన క్షణంలో చూపించేవారి బొటనవేలు సరిగ్గా ఆ పాయ మీదే ఉంటుంది! తలపైనుంచో భుజం వెనకనుంచో తీసిన వీడియో అయితే చూపించేవారి చేతులు మన చేతుల్లాగే కనిపిస్తాయి, ఈ గొడవే ఉండదు. మూడు గీతల బొమ్మ ఒకటి పక్కన ఉంటే ఇంకా నయం, ఎందుకంటే బొమ్మ కదలదు, కావలసినంతసేపు చూడవచ్చు. తాడు ముందు చేతిలోకి తీసుకుని, ఒక్కో అడుగు దగ్గర వీడియో ఆపి, స్పీడు సగానికి తగ్గించి చేసినవారికి అరగంటలో వచ్చేది, పడుకుని పది వీడియోలు చూసినవారికి రాదు.

పాఠం చెప్పే వీడియోల లెక్క వేరు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన తరగతుల సామగ్రిని అందరికీ ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించినప్పుడు అందులో ఎక్కువభాగం నోట్సు, లెక్కలు, పరీక్షపత్రాలే. ఖాన్ అకాడమీ స్థాపకుడు సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) బంధువుల పిల్లల కోసం తీసిన లెక్కల పాఠాలను 2006లో యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాక, నల్లటి తెరమీద గొంతు వినిపిస్తూ ఒక్కో గీతా గీసుకుంటూ పోయే పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆ పద్ధతి నచ్చడానికి కారణం ఆషామాషీది కాదు. గీత పడే వేగం ఆలోచన వేగాన్ని మించిపోదు. తయారుగా ఉన్న స్లైడును ముఖాన పడేస్తే కన్ను దాన్ని చదవబోతుంది, చెవి ఇంకేదో వింటుంది, రెండూ దెబ్బతింటాయి. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇలాంటిదే. బొమ్మ, మాట కలిస్తే మేలు. బొమ్మ, మాట, ఆ మాటే మళ్లీ అక్షరాల్లో తెరనిండా ఉంటే సాధారణంగా చేటు. వెనక సంగీతం, అలంకారం కోసం పెట్టిన దృశ్యాలు నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయే తప్ప పెంచవు. అన్నట్టు, వీటికోసమే ఎక్కువ ఖర్చుపెట్టేవారున్నారు.

పాఠం ఆరు నిమిషాలు దాటకూడదన్న మాట తరచూ వినిపిస్తుంది. ఫిలిప్ గువో బృందం 2014లో ఎడెక్స్ అనే వేదిక మీది ఆన్‌లైన్ కోర్సుల్లోని 69 లక్షల వీక్షణలను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం దానికి మూలం. వీడియో ఎంత పొడుగున్నా సగటు వీక్షకుడు నిలబడేది సుమారు ఆరు నిమిషాలేనని అందులో తేలింది. ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ అధ్యయనం కొలిచింది ఎంతసేపు చూశారన్నది, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. కష్టమైన ఒక నిరూపణకు 40 నిమిషాలు పడితే దాన్ని ఏడు ముక్కలు చేసినంత మాత్రాన సులువైపోదు. ముక్కల మధ్య ఏం జరుగుతుందన్నదే లెక్కలోకి వస్తుంది. 2013లో కార్ల్ ష్పునార్, నోవాల్ ఖాన్, డేనియల్ షాక్టర్ చేసిన ప్రయోగంలో 21 నిమిషాల గణాంకశాస్త్ర పాఠాన్ని నాలుగు భాగాలు చేశారు. భాగం భాగానికీ మధ్య చిన్న పరీక్ష పెట్టిన బృందంలో పరధ్యానం తగ్గింది, నోట్సు రాసుకోవడం పెరిగింది, చివరి పరీక్షలో మార్కులూ పెరిగాయి. చిన్న వీడియోల మహత్తు ఏదైనా ఉంటే అది ఈ విరామంలోనే ఉంది. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు సరిగ్గా ఈ విరామాన్నే మింగేస్తుంది. నేర్చుకునేవారు ఆటోప్లే ఆపేయడం చాలా చిన్న పని, కానీ దానికి సాటివచ్చే యాప్ ఏదీ లేదు.

మళ్లీ చూడడం కంటే గుర్తుచేసుకోవడం ఎందుకు మెరుగన్నదానికి రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగం మంచి ఉదాహరణ. ఒక బృందం ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో బృందం ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. ఇది అక్షరాల మీద చేసిన ప్రయోగమే అయినా వీడియోకు ఇంకా గట్టిగా వర్తిస్తుందనుకోవడానికి కారణం ఉంది, చూడడం చదవడం కంటే తేలిక కాబట్టి. నున్నగా చెప్పడం వల్ల కలిగే భ్రమను షానా కార్పెంటర్ బృందం 2013లో నేరుగా పట్టి చూపింది. మూడురంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయన్న చిన్న పాఠాన్ని ఒకే వ్యక్తితో రెండు రకాలుగా చెప్పించారు. ఒకదాంట్లో నిటారుగా నిలబడి తడుముకోకుండా చెప్పారు, రెండోదాంట్లో కాగితాలు చూసుకుంటూ నీళ్లు నమిలారు. మొదటిది చూసినవాళ్లు తమకు చాలా ఎక్కువ గుర్తుంటుందని అంచనా వేశారు. పరీక్షలో ఇద్దరికీ వచ్చింది దాదాపు ఒకటే. లక్షల వీక్షణలున్న బోధకుడు మంచి బోధకుడు కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చుకోవాలంటే వీడియో కట్టేసి తెల్లకాగితం తీయాలి.

స్పీడు పెంచి చూడడం తప్పేమీ కాదు. 2021లో మర్ఫీ, కాస్టెల్ బృందం చేసిన పరీక్షల్లో 1.5, 2 రెట్ల వేగంతో లెక్చర్ చూసినవారి అవగాహన దాదాపు చెక్కుచెదరలేదు, 2.5 దగ్గర దెబ్బతింది. అవి ఆంగ్లంలో, ఆ భాష బాగా వచ్చిన విద్యార్థులతో చేసిన పరీక్షలు. కొత్త భాషలో, కొత్త విషయంలో ఆ అంకెలను నమ్ముకుని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పాడ్‌కాస్ట్ దగ్గరికి వస్తే, ముందు దాని స్వభావం ఒప్పుకోవాలి. 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో చేరాక ఇంటింటికీ చేరిన ఈ రూపం ప్రధానంగా కబుర్లది. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు ఒక విషయం చుట్టూ తిరుగుతారు, వెనక్కి వస్తారు, నవ్వుకుంటారు. ఒక రంగంలోకి అడుగుపెడుతున్నవారికి ఇది బంగారం. ఆ రంగంలో ఎవరెవరున్నారు, దేని గురించి పోట్లాడుకుంటున్నారు, ఏ మాట ఎలా పలుకుతారు, ఏది పాతబడింది, ఇవన్నీ పాఠ్యపుస్తకంలో దొరకవు. అదే పాడ్‌కాస్ట్‌తో ఆ రంగం పునాదులు నేర్చుకోబోతే కథ అడ్డం తిరుగుతుంది. డేవిడ్ డేనియల్, విలియం వుడీ 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే మనస్తత్వశాస్త్ర వ్యాసాన్ని కొందరు విద్యార్థులు చదివారు, కొందరు పాడ్‌కాస్ట్‌గా విన్నారు. చదివినవారికి 81 శాతం మార్కులు రాగా విన్నవారికి 59 శాతమే వచ్చాయి.

ఈ తేడాకు చెవిని తప్పుపట్టనక్కర్లేదు. వినేటప్పుడు మనసు ఎక్కువగా జారిపోతుంది. 2013లో ఒకే రకం భాగాలను పైకి చదివించి, లోలోపల చదివించి, ఊరికే వినిపించి పోల్చినప్పుడు పరధ్యానం అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది వినడంలోనే. చదివేవారి మనసు జారితే, తేరుకోగానే కళ్లు వెనక్కి వెళ్లి జారిన వాక్యాన్ని అందుకోగలవు. ఆడియో మాత్రం మనం ఉన్నా లేకున్నా సాగిపోతుంది. దానికి తోడు పాడ్‌కాస్ట్‌ను ఎవరూ చేతులు కట్టుకుని కూర్చుని వినరు. అంట్లు తోమడం, నడక, బట్టలు మడతపెట్టడం లాంటి చేతికి అలవాటైన పనులతో వినికిడికి పేచీ లేదు. ఉత్తరం రాస్తూ, లెక్కలు చూస్తూ వింటే మాత్రం రెండు పనులూ మాటలతోనే ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకటి కచ్చితంగా మునుగుతుంది. వాహనం నడిపేటప్పుడు కొత్త దారిలో మలుపు వెతుక్కోవాల్సి వస్తే చాలామంది ఆడియో కట్టేస్తారు. నేర్చుకోవడానికి వినేటప్పుడూ అదే వివేకం కావాలి.

పాడ్‌కాస్ట్‌లో సరిచూసుకోవడం ఇంకో ఇబ్బంది. ఒక అంకె చెప్పి దాటేస్తే అది ఎక్కడిదో వెతకడానికి పేజీ ఉండదు. ఇప్పుడిప్పుడే పరిస్థితి మారుతోంది. 2024లో యాపిల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌లో మాటలను అక్షరాలుగా చూపించే సౌకర్యం తెచ్చింది, చాలా కార్యక్రమాలు సొంతంగానూ రాతప్రతి పెడుతున్నాయి. రాతప్రతి ఉందా లేదా అన్నది నేర్చుకునేవారు ఎపిసోడ్ ఎంచుకునే ముందే చూసుకోవాల్సిన విషయం. మరోటి, ఇప్పటిదాకా నిద్ర గురించి శాస్త్రం చెప్పిన గొంతే అదే ఊపులో పరుపుల ప్రకటన కూడా చదువుతుంది. నమ్మకం మొదటిదానిమీంచి రెండోదానిమీదికి ఎంత మెత్తగా జారుతుందో ప్రకటనదారులకు బాగా తెలుసు.

ఆడియో పుస్తకం వీటన్నిటికంటే పాతది. అమెరికాలో అంధ పాఠకుల కోసం గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు చదివించి పంపడం 1934లోనే మొదలైంది. ఒక్కో వైపు సుమారు 15 నిమిషాలే పట్టేది. ఆ తర్వాత లేచి రికార్డు తిప్పాలి. ఇప్పటి యాప్‌లో పది గంటల పుస్తకం ఆగకుండా పోతుంది కాబట్టి ఆ విరామం మనమే కల్పించుకోవాలి. అధ్యాయం చివర ఆపి, ఇప్పటిదాకా ఏం చెప్పారో రెండు ముక్కల్లో పైకి చెప్పుకున్నా చాలు.

వింటే చదివినట్టేనా అన్న ప్రశ్నకు జవాబు పుస్తకాన్ని బట్టి ఉంటుంది. బెత్ రొగోవ్‌స్కీ బృందం 2016లో కథలా సాగే ఒక చరిత్ర పుస్తకంలోని భాగాలను కొందరికి వినిపించింది, కొందరితో తెరమీద చదివించింది, కొందరితో రెండూ చేయించింది. వెంటనే పెట్టిన పరీక్షలోనూ, రెండు వారాల తర్వాతా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైన చెప్పిన 81, 59 అంకెలకు ఇది విరుద్ధంగా కనిపిస్తుంది. కథకు కాలక్రమం ఉంటుంది, తర్వాత ఏమైందన్న ఆత్రం మనసును పట్టి ఉంచుతుంది, ఒక వాక్యం జారినా తర్వాతది అందుకుంటుంది. వాదనకు ఆ దయ లేదు. మూడో మెట్టు జారితే నాలుగోదాని మీద కాలు పడదు. జీవితచరిత్రలు, చరిత్ర, నవలలు, ప్రయాణాలు చెవికి బాగా నప్పుతాయి. పట్టికలు, సూత్రాలు, పటాలు, వంశవృక్షాలున్నవి నప్పవు. వాటికి జతగా ఇచ్చే పీడీఎఫ్‌ను నడుస్తూ వినేవారెవరూ తెరవరు.

సమయం కలిసొస్తుందన్న వాదననూ లెక్కేసి చూడాలి. ఆంగ్ల ఆడియో పుస్తకాలు సాధారణంగా నిమిషానికి 150 నుంచి 160 పదాల వేగంతో సాగుతాయి. ఆంగ్లంలో కల్పనేతర రచనలను పెద్దవాళ్లు లోలోపల చదివే వేగం సగటున నిమిషానికి 238 పదాలని మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కకట్టాడు. అంటే 80 వేల పదాల పుస్తకం వినడానికి సుమారు ఎనిమిదిన్నర గంటలు పడితే, చదవడానికి సుమారు ఐదున్నర గంటలు చాలు. వినడం వల్ల సమయం మిగలదు. చదవడానికి కుదరని సమయం పనికొస్తుంది, అంతే. ఏది కొనాలో తేలక ముందు ప్రయత్నించి చూడాలనుకునేవారికి లిబ్రివాక్స్ ఉంది. కాపీరైటు ముగిసిన పుస్తకాలను 2005 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు చదివి ఉచితంగా పెడుతున్నారు. గొంతుల నాణ్యత అధ్యాయానికో తీరుగా ఉంటుంది, ఒక్కోసారి అదే సరదా.

పరాయి భాష నేర్చుకునేవారికి మాత్రం ఈ తూకాలన్నీ మారిపోతాయి, ఎందుకంటే అక్కడ వినడమే నేర్చుకోవాల్సిన విద్య. రాతలో పదాల మధ్య ఖాళీలుంటాయి, మాటలో ఉండవు. పేజీమీద గుర్తుపట్టే పదమే మాటల వరదలో కలిసిపోతుంది. నేపథ్యంలో గంటలకొద్దీ వినిపిస్తూ ఉంటే భాష తనంతట అబ్బుతుందనే ఆశ ఇక్కడే బోల్తాపడుతుంది. పెద్దవాళ్ల విషయంలో, అర్థం కానిది ఎంతసేపు విన్నా చప్పుడుగానే మిగులుతుంది. నూటికి 95 పదాలైనా ముందే తెలిసి ఉన్న భాగమైతే మిగతావి సందర్భంలోంచి దొరుకుతాయి. అలాంటి రెండు నిమిషాల ముక్కను మొదట ఏమీ చూడకుండా వినాలి. రెండోసారి అదే భాషలోని సబ్‌టైటిళ్లతో చూస్తూ, ఎక్కడ చెవి మోసపోయిందో పట్టుకోవాలి. తర్వాత మళ్లీ అక్షరాలు దాచేసి వినాలి. మాతృభాష సబ్‌టైటిళ్లు కథ అర్థం చేయిస్తాయి గానీ, కన్ను వాటిమీదే ఉండిపోతుంది. అదే భాషలోని సబ్‌టైటిళ్లు వినికిడికీ పదజాలానికీ మేలు చేస్తాయని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది.

నాది చూసి నేర్చుకునే తత్వం, నీది విని నేర్చుకునే తత్వం అన్న విభజనను నమ్ముకుని మాధ్యమం ఎంచుకోవడం వృథా. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో ఈ వాదానికున్న ఆధారాలన్నీ వెతికి, బోధనను అలా విడగొట్టడానికి సరిపడా రుజువు లేదని తేల్చింది. ముడి వేయడాన్ని ఎవరైనా చూసే నేర్చుకోవాలి, ఉచ్చారణను ఎవరైనా వినే నేర్చుకోవాలి. మాధ్యమాన్ని మనిషి తత్వాన్ని బట్టి కాక విషయాన్ని బట్టి ఎంచుకోవాలి.

మొదలుపెట్టి మానేయడం గురించి జరిగే ఎగతాళికి కూడా పెద్దగా అర్థం లేదు. 2012లో ఎంఐటీ ఆన్‌లైన్‌లో పెట్టిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల కోర్సుకు సుమారు 1,55,000 మంది పేర్లిచ్చారు, సర్టిఫికెట్ అందుకున్నది 7,157 మంది. దీన్ని వైఫల్యంగా చూపించినవారే ఎక్కువ. ఉచితంగా దొరికేదాన్ని తెరిచి, ఇది నాకు కాదనుకుని మూసేయడం పుస్తకాల షాపులో అట్ట తిరగేయడం లాంటిదే. అక్కడ చివరిదాకా వచ్చినవారు మాత్రం వీడియోలు చూసి ఊరుకోలేదు, వారం వారం లెక్కలు చేశారు, పరీక్షలు రాశారు. ఏ కోర్సును ప్రయత్నించేవారైనా మొదటి రోజే వీడియోల జాబితా కంటే ముందు అభ్యాసాల జాబితా తెరిచి చూడడం మంచిది. అభ్యాసాలు లేని కోర్సుకు వాటిని బయటినుంచి తెచ్చుకోవాలి. అవి ఎక్కడా దొరకని విషయమైతే ఆ వీడియోలను పాఠాల్లా కాక కాలక్షేపంలా చూసినా నష్టమేమీ లేదు.

మామూలు వేగానికే వినలేకపోతున్నామని మొదటి వారంలోనే వదిలేసేవారు ఒక సంగతి గమనించవచ్చు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే అంధుల్లో చాలామంది, బయటివారికి ఒక్క ముక్క కూడా అంతుపట్టనంత వేగంతో విని అర్థం చేసుకుంటారు. వాళ్లకు ఆ వేగం మొదటిరోజే రాలేదు. సెట్టింగుల్లో ఒక్కో గీత చొప్పున పెంచుకుంటూ వెళ్లగా వచ్చింది.